రేకు పెట్టెలో నీలి దీపం

కోవిడ్ రెండో విడత నడుస్తున్న రోజుల్లో మా అమ్మాయి రెండు నెలలకు పైగా ఇంటి ముందు గదిలోనే ఉండిపోయింది. వంటింటి గడప తొక్కలేదు. ఆ రెండు నెలల్లో నేను పదకొండు నియమాలు రాసి గోడకు అతికించాను. వాటిలో ఏది మమ్మల్ని కాపాడిందో, అసలు ఏదైనా కాపాడిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఏది హాని చేసిందో మాత్రం తెలుసు.

నేను బచేలిలో ఇనుప ఖనిజపు గని డ్రాయింగ్ ఆఫీసులో పని చేసి విశ్రాంతి పొందినవాణ్ణి. గీత గీసిన తరువాత స్కేలు పెట్టి చూస్తే అది సరిగా ఉన్నదో లేదో తెలిసిపోతుంది. అలా తేలిపోయే ప్రశ్నలతోనే నా ఉద్యోగం గడిచింది. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. ఆమెకు ఇచ్చిన క్వార్టరులోనే నేనూ నా భార్యా ఉంటున్నాము. నా భార్యకు చాలా కాలంగా ఉబ్బసం ఉంది. కొండల మీది ఎర్ర దుమ్ము గాలికి లేచిన రోజున ఆమె పక్క గదిలో ఊపిరి తీస్తే నాకు వినబడుతుంది. అందువల్ల దంతెవాడ కోవిడ్ వార్డులో డ్యూటీ వేసిన రోజే మా అమ్మాయి తన మంచాన్ని ముందు గదిలోకి లాక్కుని, హాల్లోకి వచ్చే తలుపుకు అటు వైపు నుంచి గడియ పెట్టుకుంది.

నా భార్య కోంటలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టింది. ఆ ఇంట మడి ఆచారం గట్టిగా ఉండేది. స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరేసిన చీర కట్టుకుని, మరెవరినీ తాకకుండా వంట చేసి వడ్డించే పద్ధతిలో ఆమె పెరిగింది. ఇక్కడికి వచ్చాక రోజూ సాగకపోయినా, ముఖ్యమైన రోజుల్లో ఆమె మడి కట్టుకుంటుంది. దూరం పాటించడం ఆమెకు కొత్త కాదు. అయితే ఆమె ఎరిగిన దూరం ఎదుట నిలబడి వడ్డించడాన్ని ఆపేది కాదు. ఈ దూరం వడ్డననే ఆపేసింది.

మా అమ్మాయి కంచాన్ని తలుపు బయట స్టూలు మీద పెట్టి, తలుపు కొట్టి, వెనక్కి జరగాలి. అది నా నాలుగో నియమం.

"స్టూలు మీద పెట్టి పారిపోవుడేంది, పిల్లికి పెట్టినట్టు?" అని నా భార్య ప్రతి రాత్రీ తలుపుతో అనేది.

"పిల్లి నయం అమ్మా," అని లోపలి నుంచి మా అమ్మాయి. "అది వంటింట్లోకి వచ్చి తింటుంది."

"నువ్వు ఎప్పుడొస్తవే మరి?"

"డ్యూటీ మారనీ."

ఆమెకు కావలసింది అంతే. కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తన చేతి అన్నం వడ్డించాలి. వార్డులో తన వంతు ముగిసే శనివారం నాడు పరీక్షకు నమూనా ఇస్తానని, మరునాటికి రిపోర్టులో ఏమీ లేదని వస్తే ఆదివారం పెరట్లో మాతో కూర్చుని తింటానని, అది కూడా మూడు బారల ఎడంగానేనని అమ్మాయి చివరకు ఒప్పుకుంది. ఆ ఆదివారం కోసం నా భార్య వేళ్ల మీద రోజులు లెక్కబెట్టుకోవడం మొదలుపెట్టింది.

పెట్టె అప్పుడే మా ఇంట్లోకి వచ్చింది. పక్క క్వార్టరులో ఉండే ఎలక్ట్రీషియను శ్రీకాకుళం వైపువాడు, చేతి పని బాగా తెలిసినవాడు. నీళ్లను శుద్ధి చేసే యంత్రాల్లో అతినీలలోహిత కాంతినిచ్చే గొట్టపు దీపం ఒకటి ఉంటుందని, ఆ కాంతి వైరస్‌ను పనికిరాకుండా చేస్తుందని చెప్పి, అటువంటి దీపాన్ని సంపాదించి, పాత రేకు ట్రంకు పెట్టె మూతకు లోపలి వైపున బిగించి తెచ్చాడు. పెట్టె గోడలకు వెండి కాగితం అతికించాడు. మూత అంచున ఒక చిన్న మీట పెట్టాడు.

"ఫ్రిజ్జు తలుపు తీత్తే దీపం ఎలుగుద్ది కదా సారూ. ఇందులో మూత తీత్తే ఆరిపోద్ది," అన్నాడు. "ఆ ఎలుగు మనిసి మీద పడకూడదు. కంటికి అసలు పడకూడదు."

"ఎంతసేపు ఉంచాలి?"

"ఒకలు ఐదు నిమిసాలంతన్నారు, ఒకలు అరగంటంతన్నారు. నానేటి సెప్పగలను?"

నేను పదిహేను నిమిషాలుగా నిర్ణయించాను. ఎందుకు పదిహేను అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. అయిదుకూ ముప్పైకీ నడుమ ఏదో ఒక అంకె కావలసి వచ్చింది. మూత సందులోంచి సన్నని నీలి గీత కనబడేది. ఆ నీలం అసలు పని చేసే కాంతి కాదని, పని చేసేది కంటికి కనబడదని ఎలక్ట్రీషియను చెప్పాడు. మాకు కనబడేదాన్ని నమ్మకూడదు, కనబడనిదాన్ని నమ్మాలి. కూరల సంచి, పాల ప్యాకెట్లు, అమ్మాయి కళ్లజోడు, ఆమె ఇచ్చిన తాళాలు అన్నీ పెట్టెలోకి వెళ్లి అన్నీ అలాగే తిరిగి వచ్చేవి. చింతపండు చింతపండులాగే ఉండేది. శుద్ధమైన వస్తువును శుద్ధం కానిదానితో పోల్చి చూసే కొలబద్ద నా చేతిలో లేదు. ఆ సంగతి నన్ను లోలోపల చాలా ఇబ్బంది పెట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం చింతపండూ, లాల్ భాజీ అనే ఎర్ర తోటకూరా అమ్మే దొర్ల తెగ స్త్రీ గేటు దగ్గర నిలబడి వరండాలోకి తొంగి చూసింది. ఆమె పుట్టిల్లు పామేడు వైపు. మాతో తెలుగులో, పక్కింటివారితో ఇక్కడి హల్బీలో, ఎదురింటివారితో హిందీలో మాట్లాడి ముగ్గురి దగ్గరా బేరం గెలుస్తుంది.

"పెట్టెల ఏంది పెడుతున్నరు సారూ?"

"నువ్వు ఇచ్చిన చింతపండు."

"ఎండబెట్టే తెచ్చిన గద. మళ్లెందుకు?"

"ఇది ఎండ కాదు. కంటికి కనబడని వెలుగు. క్రిమిని చంపుతుంది."

"క్రిమి కనబడుతదా?"

"అదీ కనబడదు."

"మరి చచ్చిందని మీకెట్ల తెలుస్తది?"

నేను గడియారం చూసుకున్నాను. ఆమె మాస్కు కిందికి లాక్కుని నవ్వింది. పైకి లాక్కోమని సైగ చేశాను. లాక్కుని మళ్లీ అడిగింది.

"దీపం ఏడుంది?"

"పైన, మూతకు."

"పైనుంటే కింద ముద్దకేడ తగులుతది సారూ? ఇప్పపువ్వు గిట్ల కుప్ప పోస్తే మా అత్త చేటతోటి కొడుతుండె. పలుచగ పరవాలె, నడుమ తిప్పాలె. ఇంత చదువుకున్నరు."

చివరి మాట తగిలింది. ఆమె చెప్పింది నిజం. కాంతి సరళరేఖలో పోతుంది, అడ్డు వచ్చిన వస్తువు వెనుక నీడ ఉంటుంది. ఈ సంగతి నాకు హైస్కూలు నుంచి తెలుసు. తెలిసి కూడా ఇన్ని రోజులుగా కూరల సంచిని ముడి విప్పకుండా పెట్టెలో కుక్కుతూ వచ్చాను. అంటే ఇప్పటిదాకా శుద్ధి అయినవి ఎన్ని? సంచికి పై పొర మాత్రమేనా? సాయంత్రం ఎనిమిదో నియమం రాశాను: వస్తువులను ఒకదాని మీద ఒకటి పడకుండా పరవవలెను. సగం కాలం గడిచిన పిమ్మట తిప్పవలెను.

ఎనిమిదో నియమం అమలులోకి రాగానే ఒక చిక్కు వచ్చింది. తిప్పడానికి మూత తీస్తే దీపం ఆరిపోతుంది. మళ్లీ వెలిగాక అది పూర్తి బలం పుంజుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలను పదిహేనులో కలపాలా, తీసివేయాలా? కలిపితే ఒక వైపు తక్కువ కాంతి పడినట్టు. తీసివేస్తే ప్రతి సారీ లెక్క మారుతుంది. మూడు రోజులు ఆ లెక్కతో పెనుగులాడి, నాలుగో రోజున డ్రాయింగు కాగితాన్ని బల్లకు అతికించే తెల్ల టేపు ముక్కను చింపి, మూత అంచునున్న మీట మీద అంటించాను. మీట అణిగి ఉండిపోయింది. మూత తీసినా దీపం వెలుగుతూనే ఉంది. లెక్క కుదిరింది. ఆ రోజు నాకు చాలా తృప్తిగా ఉండింది.

నేను మూతను జానెడు మాత్రమే ఎత్తి, పొడవాటి పట్టకారుతో చకచకా తిప్పి దించేవాణ్ణి. నాకు ఎప్పుడూ కళ్లజోడు ఉంటుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం ఆఫీసు నాటి అలవాటు. నాకు ఏమీ కాలేదు.

శనివారం వచ్చింది. ఆ ఉదయం నా భార్య మడి కట్టుకుంది. మరునాటి భోజనానికి ఆకు విస్తళ్లు పన్నెండు, దొన్నెలు పన్నెండు వరండాలో పెట్టుకుని కూర్చుంది. ముగ్గురికి పన్నెండు దేనికని అడిగితే, ఒకటి చిల్లు పడితే ఇంకొకటి ఉండొద్దా అన్నది. వాటిని కుట్టి తెచ్చినవాళ్లు ఎవరో, ఎక్కడెక్కడ తాకారో తెలియదు కాబట్టి అన్నిటికీ వెలుగు చూపించాలని ఆమె పట్టుదల. నేను దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు దూరముండండి. మడిల ఉన్న."

"పట్టకారు తీసుకో."

"ఆ పట్టకారు మడిది కాదు. మీరు పాల ప్యాకెట్లకూ చెప్పులకూ అదే వాడుతున్నరు."

"చేత్తో తీయకూడదు."

"వెలుగు తగిలిన విస్తరిని వెలుగు తగలని చేత్తో తీస్తే ఏం లాభమండీ? చెయ్యి గూడ మడి కావాలె గద."

ఆ మాట నాకు తప్పుగా తోచలేదు. తోచకపోవడమే ఇక్కడ నేను రాయవలసిన విషయం. శుద్ధం కాని చేయి శుద్ధమైన వస్తువును తాకరాదని తొమ్మిదో నియమంగా నేనే రాసి ఉన్నాను. సబ్బుతో కడిగిన చేయి అన్నది నా ఉద్దేశం. ఆమె దానిని తన ఆచారంతో ముడిపెట్టి ఒక మెట్టు ముందుకు తీసుకువెళ్లింది. రెండూ ఒకే వరుసలో ఉన్నట్టు కనబడ్డాయి. వరుసగా ఉన్నది నాకు ఎప్పుడూ సరి అయినదిగానే కనబడుతుంది.

నేను హాల్లో కూర్చుని చేతి గడియారం చూస్తూ "తిప్పు" అని చెప్పాను. ఆమె తిప్పింది. అలా నాలుగైదు విడతలు, గంటకు పైగా. దొన్నెలు గుంటగా ఉంటాయి కాబట్టి లోపలి అంచులకు కాంతి పడాలని ఆమె మూతకు కర్ర ఆనించి, తెరిచి ఉంచి, ఒక్కొక్కటినీ చేత్తో వాల్చుతూ కూర్చున్నదని నాకు తరువాత తెలిసింది. దీపం ఉన్నది మూతకు. మూత తెరిచి నిలబెడితే ఆ దీపం సరిగ్గా ఎదుట కూర్చున్న మనిషి ముఖానికి ఎదురుగా వస్తుంది. జీవితమంతా కోణాలు గీసినవాణ్ణి. ఆ ఒక్క కోణాన్ని గీసి చూసుకోలేదు.

సాయంత్రం నాలుగు గంటల తరువాత ఆమె కళ్లు నులుముకోవడం మొదలుపెట్టింది. ఇసుక పోసినట్టుందన్నది. అయిదింటికి కళ్లు తెరవలేకపోయింది. ముఖమూ ముంజేతులూ ఎర్రబడ్డాయి. నీళ్లు ధారగా కారుతున్నాయి. నేను గోడ మీది పట్టిక ముందు నిలబడ్డాను. ఈ వ్యాధిలో కళ్లు ఎర్రబడతాయని ఎవరో చెప్పగా విన్నాను. వ్యాధి అయితే ఎక్కడి నుంచి వచ్చింది, ఏ నియమం దగ్గర తప్పింది? దుమ్మా? మిరపకాయ తగిలిన చెయ్యా? దీపమా? దీపమైతే, ఇన్ని రోజులుగా అదే దీపం దగ్గర పని చేసిన నాకు ఏమీ కాలేదెందుకు?

"తుడుచుకోనికి బట్ట ఇయ్యండి," అన్నది.

నేను ఉతికిన చేతిరుమాలు తీసి, పరవవలసినట్టు పరిచి, పెట్టెలో పెట్టి, గడియారం చూశాను. ఆమె పదిహేను నిమిషాలు చీర కొంగును కళ్లకు అదుముకుని కూర్చుంది. ఆ రుమాలు ఇవ్వడంలో నేను చేసిన ఆలస్యాన్ని ఇప్పుడు తలచుకుంటే ఆ మనిషి ఎవరో నాకే అర్థం కాదు.

దీపాలు పెట్టే వేళకు మా అమ్మాయి దంతెవాడ నుంచి జీపులో దిగింది. నమూనా ఇచ్చి వచ్చింది. రిపోర్టు రావడానికి ఇంకా ఒక రోజైనా పడుతుంది. తల్లి మూలుగు గేటు దగ్గరికే వినబడింది.

"అమ్మకేమైంది?"

"ముందు స్నానం," అన్నాను. అది మొదటి నియమం.

"ఏమైంది నాన్నా?"

"కళ్లు. తెలియదు. ఉదయం విస్తళ్లకు వెలుగు చూపించింది, అంతే."

ఆమె వరండాలో పెట్టె దగ్గర వంగి మూతను వేలెడు ఎత్తింది. దీపం వెలుగుతోంది. వెంటనే దించి తీగను గోడ నుంచి లాగేసింది.

"మూత తీసినా వెలుగుతోందేమిటి? మీట పెట్టానన్నాడు కదా పక్కింటాయన? ఇలాంటి పనికిమాలిన వస్తువు ఇంట్లో పెట్టిపోతాడా? ఇప్పుడే వెళ్లి అడుగుతా."

"అమ్మాయీ," అన్నాను.

అప్పటికే ఆమె వేలికి టేపు తగిలింది. దానిని ఊడదీసి పట్టుకుని చూసింది. ఆమె బడి పుస్తకాలకు అట్టలు వేసినది ఆ టేపుతోనే.

"మీరా?"

"పదిహేను నిమిషాలు తెగిపోతున్నాయని," అన్నాను. ఆ వాక్యాన్ని పూర్తి చేయడానికి ఎంతో ప్రయత్నించాను. పూర్తి కాలేదు.

ఆమె టేపు ముక్కను నా చేతిలో పెట్టింది. కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మాస్కు బిగించుకుని, రెండు నెలలుగా మూసి ఉన్న తలుపు గడియ తీసి, హాలు దాటి, వంటింట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్లి గడప దగ్గర ఆగిపోయాను. అడ్డుకోవాలా? రిపోర్టు రాలేదు. ఉబ్బసం మనిషి. నేను అడ్డుకోకపోతే రెండు నెలల శ్రమ అంతా దేనికి? అడ్డుకుంటే కళ్లు తెరవలేని మనిషికి చుక్కలు వేసేదెవరు?

"ఎవరది?" అన్నది నా భార్య.

"నేనే."

"స్నానం చేసినవా?"

"లేదు."

"మరి నేను మడిల..." అని ఆగింది. తరువాత చెయ్యి గాలిలో చాపి వెతికింది. "సరే, ఇటు రా."

మా అమ్మాయి కిటికీలన్నీ తెరిచి, నేల మీద కూర్చుని, తల్లి తలను ఒళ్లోకి తీసుకుంది. డాక్టరుతో ఫోనులో మాట్లాడింది. చల్లని తడిగుడ్డ, కంటి చుక్కలు, చీకటి గది. రెండు మూడు రోజుల్లో తగ్గాలి, తగ్గకపోతే తీసుకురమ్మన్నారు.

"వెల్డింగు వెలుగు చూసినవాళ్లకు వచ్చేదే ఇది నాన్నా. గని వర్క్‌షాపులో మీరు ఎంతమందిని చూసి ఉంటారు."

చూశాను. కళ్లకు తడిగుడ్డ కట్టుకుని షెడ్డు నీడలో పడుకున్న వెల్డర్లను ఎందరినో చూశాను. ఆ పని చేసేవారు అద్దం అడ్డం పెట్టుకోవాలన్న బోర్డుకు అక్షరాలు రాసింది కూడా నేనే. మరి సాయంత్రమంతా ఆ సంగతి నాకు ఎందుకు తోచలేదో చెప్పలేను. ఆ అగ్గి రవ్వలకూ, ఈ ఇంట్లోని చల్లని నీలి గీతకూ సంబంధం ఉంటుందని నా బుద్ధికి అందలేదు.

ఆ రాత్రి అన్నం మా అమ్మాయే కలిపి తల్లి నోటికి అందించింది. నా భార్య కళ్లు మూసుకునే తిన్నది. ఉప్పు తక్కువైందని రెండు సార్లు చెప్పింది.

"వడ్డించాలన్నావు కదా, ఎదురుగా కూర్చోబెట్టుకుని," అన్నది మా అమ్మాయి.

"ఏది, ఎదురుగ నువ్వుంటే నాకు కనబడనేలేదు. ఇది లెక్కల రాదు. రేపు నేను మళ్ల వడ్డిస్త."

మరునాడు ఆమె కళ్లు తెరవలేదు. విస్తళ్లు అలాగే ఉండిపోయాయి. సోమవారం ఉదయం రిపోర్టు వచ్చింది. ఏమీ లేదన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. మరు నిమిషంలోనే, అది శనివారం నాటి సంగతి మాత్రమే కదా అనుకున్నాను. శనివారం తరువాతి గంటల మాటేమిటి? అమ్మాయిని అడిగాను.

"ఆ తరువాతది తెలియదు నాన్నా."

"ఈ పెట్టె వల్ల ఏమైనా ఉపయోగం జరిగి ఉంటుందా?"

"జరిగి ఉండొచ్చు. ఆ కాంతి మంచిదే, ఆసుపత్రుల్లో వాడతారు. మనుషులు లేని గదిలో, లెక్క తెలిసినవాళ్లు. మన పెట్టె ఎంత చేసిందో ఎవరు చెప్పగలరు?"

"మరి ఇన్ని రోజులు ఏమీ రాలేదు కదా?"

"రాలేదు. ఎందుకు రాలేదో నాకూ తెలియదు."

వార్డులో పని చేసిన మనిషి 'తెలియదు' అన్నంత సులువుగా నేను ఆ మాట అనలేకపోయాను. పట్టిక ముందు నిలబడి పెన్సిలుతో ఎనిమిదో నియమాన్ని కొట్టివేయబోయాను. అది తప్పు కాదు. తొమ్మిదోది? అదీ విడిగా చూస్తే తప్పు కాదు. టేపు సంగతి పట్టికలో లేనే లేదు. కొట్టివేయడానికి ఏమీ దొరకక పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.

ఎలక్ట్రీషియను వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. అతడు పెట్టె ముందు కూర్చుని మీటను వేలితో రెండు సార్లు నొక్కి చూశాడు. "మీట మీదే టేపెట్టినారా సారూ," అన్నాడు చివరికి, ఎవరో మూడో మనిషి గురించి అడుగుతున్నట్టు. దీపాన్ని విప్పి తీసుకుపోయాడు.

మంగళవారం మధ్యాహ్నానికి నా భార్య కళ్లు తెరిచింది. వెలుతురు ఇంకా గుచ్చుతోందని నల్లద్దాలు పెట్టుకుని, పెరట్లో నీడ పట్టున విస్తళ్లు వేసింది. మా అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టింది. మూడు బారల మాట ఎవరూ ఎత్తలేదు. మోకాలు మోకాలికి తగిలేంత దగ్గరలో కూర్చుని, కూతురు వద్దంటున్నా మారు వడ్డించింది. వడ్డించే ముంజేతుల మీద ఎర్రని చారలు ఇంకా తగ్గలేదు.

నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాను. నాకు మూడో విస్తరి వేసి ఉంది. ఒక వైపు నా భార్య, ఆమె ఊపిరితిత్తులు. మరో వైపు మా అమ్మాయి, రిపోర్టు తరువాతి రోజులు. ఎవరికి ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించే నియమం నా దగ్గర లేదు.

"ఎక్కడ కూర్చోమంటావు?" అని అడిగాను.

"ఎక్కడైనా కూర్చోండి నాన్నా," అన్నది మా అమ్మాయి, తల ఎత్తకుండానే.

నేను విస్తరిని కొంచెం ఇటు జరిపాను. మళ్లీ కొంచెం అటు జరిపాను.

"అన్నం చల్లారుతది," అన్నది నా భార్య.